తుఫానుని డిలీట్ కొట్టిన ల్యాప్‌టాప్

మల్కాపురంలో కాసులమ్మ టీ కొట్టుకి తాతబాబు ఆ మధ్యాహ్నం వచ్చింది ఒక్క మాట అడగడానికి. ఎల్లారావు బావా, నీకిచ్చిన నా పాత కంప్యూటర్ ఓసారి వెనక్కి ఇయ్యి. అంతే మాట. అడగందే అమ్మైనా పెట్టదని అతనికీ తెలుసు. కానీ కోతలు కొయ్యడం వచ్చినంత సులువుగా ఆ నోటికి అడగడం రాదు.

జరిగింది చెప్తే నవ్వుతారు. తాతబాబు ఇంట్లోనే కూర్చుని, పోర్టుకొచ్చే ఓడల కాగితాలు ఒక క్లియరింగ్ ఏజెంటుకి టైపు చేసి పెడతాడు. ఏటా దసరాకి తన డెస్క్‌టాప్‌కి ఆయుధపూజ చేసేవాడు. సీపీయూ డబ్బాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని నెత్తిమీదే కొబ్బరికాయ పట్టుకుని కత్తి మడమతో కొట్టేవాడు. రేకు మీద పడ్డ నీళ్ళు గుడ్డతో తుడిస్తే సరిపోయేది. ఈ ఏడు డెస్క్‌టాప్ పోయి ల్యాప్‌టాప్ వచ్చింది. ఇవాళ పొద్దున్న పెళ్ళాం నూకాలు చూస్తుండగానే దాన్ని పీట మీద తెరిచి పెట్టి, చెయ్యి అలవాటు కొద్దీ అలాగే కొట్టాడు. నీళ్ళన్నీ మీటల సందుల్లోకి దిగిపోయాయి. స్క్రీను ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది.

పండగపూట రిపేరు షాపులు లేవు, ఇంటర్నెట్ సెంటర్లు లేవు. ఓడకి పండగేమిటి, అది రేపు పొద్దున్నే వచ్చేస్తుంది. అప్పటికి కాగితాలు చేతికివ్వకపోతే ఏజెంటు ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఉన్న ఒక్క బతుకుదెరువూ పోతుంది.

అందుకే తాతబాబు బల్ల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఎదురుగా ఎల్లారావు తీరిగ్గా టీ ఊదుకుంటున్నాడు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, పక్క వీధిలో ఇల్లు. అతని పక్కన యారాడ నుంచి చేపలమ్మడానికొచ్చిన దాలయ్య.

"బావా, ఆ పాత కంప్యూటర్..." అని మొదలెట్టాడు తాతబాబు.

"అదలగుండనీ. నీ ల్యాప్‌టాప్ ఎలగుంది బావా?" అన్నాడు ఎల్లారావు.

అక్కడే కొంప మునిగింది.

"ఏటి సెప్పమంటావ్ బావా. మొన్న మా వీధిలో కరెంటు పోయింది. డెస్క్‌టాపైతే ఆ పళంగా సచ్చీసును. ఇదో, నా ఒళ్ళో కూకుని ఓడ కాయితాలన్నీ అయిపోయేదాకా కిక్కురుమనలేదు."

ఇంతవరకు నిజమే. ఇక్కడితో ఆపి అడిగెయ్యరా అని మనసు పోరుపెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని నోరు అప్పటికే అందుకుంది. కరెంటు ఎంతకీ రాకపోతే ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని భీమిలి బస్సెక్కాడట. బస్సు పూర్ణా మార్కెట్ దాటేలోగా ఒక ఓడ, భీమిలి చేరేలోగా ఇంకో ఓడ కాగితాలు పూర్తయ్యాయట. కండక్టరు ఆ వేగం చూసి టిక్కెట్టు కొట్టడం మర్చిపోయాడట. తిరిగొచ్చేసరికి బ్యాటరీ ఇంకా నిండుగానే ఉంది. పొంగిపోతోందని భయమేసి, దాని వైరు తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి తగిలించాడట.

"వీదంతా దీపాలు ఎలిగిపోనాయి."

"మా ఇంట్లో ఎలగలేదేటి మరి?" అంది కాసులమ్మ, టీ వడగడుతూ.

"నువ్వు స్విచ్చి ఎయ్యలేదు, నానేటి సెయ్యను."

తాతబాబు వీధిలోకి చూశాడు. ఎండ ఎదుటి గోడ మీదకి ఎక్కుతోంది. ఇప్పుడు మొదలుపెడితేనే తెల్లారేసరికి పని తెమిలేది. అరచేతులు తొడలకేసి రుద్దుకున్నాడు. అడగాలని నోరు తెరిచాడు. తుఫాను బయటికొచ్చింది.

"ఇదేటి, తుఫానొచ్చిననాడు సూడాల. యారాడ కొండెక్కి ల్యాప్‌టాప్ మూత తీసాను. ఆ ఎలుగు సూసి, లైట్‌హౌసు కామోసనుకుని నడిసముద్రంలో తిరుగుతున్న ఓడ ఇటు తిరిగిపోయింది. కెప్టెను దండం ఎట్టాడు. గాలి మాత్రం తగ్గలేదు. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? తుఫాను స్క్రీన్ మీద గుండ్రంగా తిరగతంటే, బాణం గుర్తు దాని కంట్లో పెట్టి, డిలీట్ కొట్టీసాను."

దాలయ్య గడ్డం గోక్కున్నాడు. "యారాడలో పుట్టినోణ్ణి బావా. ఈ ఏడు మాకు తుఫానే రాలేదు."

"ఎలగొస్తాది? నాను డిలీట్ కొట్టీసాను కదేటి!"

కాసులమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాలయ్య మాత్రం నవ్వలేదు. "అంతటిది ఉన్నాక ఆ పాత డబ్బాతో నీకింక పనేటి?" అని అడిగాడు.

తాతబాబు గుండె గంతులేసింది. దేవుడు పిలిచి ఇస్తున్నాడు, ఇదే అదను. పని ఉంది బావా, చాలా ఉంది అంటే చాలు. వాళ్ళ ముగ్గురి కళ్ళూ తన మీదే ఉన్నాయి. తుఫానుని ఆపినవాడు ఆ మాట ఎలా అనగలడు?

"ఆ డబ్బాతోనా? ఊరికే ఇచ్చినా ముట్టను," అన్నాడు. అనేశాక తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది.

ఎల్లారావు గ్లాసు కింద పెట్టాడు.

"ఇబ్బందొచ్చిందే బావా. ఇందాకే మా నూకాలు సెల్లి వచ్చి, ఆటో పిలిచి దాన్ని మీ ఇంటికి తీసుకెళ్ళిపోనాది. 'అన్నా, మా ఆయన అడగడు, అడిగేలోగా ఓడొచ్చెల్లిపోద్ది' అంది. కొబ్బరికాయ సంగతీ సెప్పింది. ముట్టనంటన్నావు కాబట్టి, పద, వెనక్కి తెచ్చీసుకుంటాను."

తాతబాబు బల్ల మీంచి లేచాడు. అంటే వీళ్ళకి మొదటి నుంచీ తెలుసు. బస్సూ, స్తంభమూ, తుఫానూ అన్నీ తెలిసే విన్నారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అంతకంటే ఎక్కువగా, కంప్యూటర్ ఇంట్లో ఉందన్న మాటకి ప్రాణం లేచొచ్చింది. చెప్పులేసుకోబోయాడు.

ఎల్లారావు చొక్కా జేబులోంచి, తోక చుట్టిన మౌసు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"సెల్లి తొందర్లో ఇది మర్సిపోయింది. నీకిద్దామనే వచ్చాను. నువ్వు అడుగుతావేమోనని కూకున్నాను."

"మౌసా?" అన్నాడు తాతబాబు. "మౌసు లేకండా ఒంటి సేత్తో నాను..."

ముగ్గురూ అతని వైపే చూస్తున్నారు. ఎవరూ, ఆ తర్వాత ఏమైందని అడగలేదు.

తాతబాబు చెయ్యి చాచాడు.

"ఇయ్యి బావా," అన్నాడు.