పాప తొలి పలుకు

మూడేళ్లలో ఇల్లు మారడం ఇది మూడోసారి. సామానంతా లారీ ఎక్కింది. ఖాళీ గదిలో సోఫా, దానిమీద ఫోను పట్టుకున్న భర్త, అతని మోకాలు పట్టుకుని నిలబడ్డ ఏడాది పాప మిగిలారు. భార్యకు ఓపిక మాత్రం మిగల్లేదు.

“జరగండి, సోఫా ఎక్కించాలి.”

“ష్! పాపకి మాట వచ్చేలా ఉంది. ‘నాన్న’ అనగానే వీడియో అందరికీ పంపాలి.”

“ముందు జరగండి.”

“పొద్దుట్నుంచీ అన్నీ దగ్గరుండి చూసుకున్నాను కదే!”

“అవును పాపం, చూసీ చూసీ కళ్లు కాయలు కాసుంటాయి.”

“అదిగో, నోరు తెరిచింది! అను తల్లీ, నా...న్న...”

పాప రెండు చేతులతో అతని మోకాలు తోసింది.

“జలుగు!”

“...ఏమంది?”

“జరుగు అంది. ‘అండి’ నిదానంగా వస్తుందిలెండి. పంపించండి మరి, అందరికీ!”