రెండో చరణం, ఎడమ చివర

కూతురు తెప్పించిన నిలువెత్తు స్పీకర్లు రెండు ముందుగదిలో కొలువుదీరాయి. నచ్చకపోతే సాయంత్రం కొట్టువాళ్ళు వచ్చి తీసుకుపోతారు. తల్లి మాత్రం పొద్దున్నే తీర్పు చెప్పేసింది.

“ఫోన్లో ఊరికే వచ్చే పాటకి రెండు నెలల జీతం పోస్తావుటే? దేవుడు మెచ్చుతాడా?”

“ఒక్క పాట వినమ్మా. నువ్వు రేడియోలో పాడిన బృందగానం.”

“ఫోన్లో విన్నాగా. ముప్పైమందిదీ కలిపి ఒకటే గోల. నేను పాడకుండా ఉత్తినే నోరాడించానని మీ నాన్న పెళ్ళైనప్పటి నుంచీ ఏడిపిస్తున్నారు. నిజమేనేమో అని నాకే అనుమానం వచ్చింది.”

“కళ్ళు మూసుకుని కూర్చో.”

పాట మొదలైంది. తల్లి ముఖంలో విసుగు మెల్లగా కరిగింది.

“ఏమే, ఒక్కొక్కళ్ళూ విడివిడిగా వినిపిస్తున్నారే!”

“ఇప్పుడు రెండో చరణం. అయ్యో, ఎడమ చివర ఎవరో అందరికన్నా ముందే ఎత్తుకున్నారు.”

“మళ్ళీ పెట్టు.”

“తప్పు పాడిందిగా, మళ్ళీ ఎందుకు?”

“పెట్టవే! ఎడమ చివర నిలబడింది నేను. తొందరపడి ఎత్తుకున్నానని మాస్టారు ఉరిమి చూశారు. ఆ గొంతు నాదే!”

“అమ్మా, నిజంగా నువ్వే!”

“పెరట్లో ఉన్న మీ నాన్నని పిలు. నోరాడించిందెవరో వచ్చి వినమను!”

“మరి దేవుడు మెచ్చుతాడా?”

“మెచ్చకపోతే ఇన్నేళ్ళకి నా గొంతు నాకు వినిపించేవాడా?”

“సాయంత్రం కొట్టువాళ్ళు వస్తారే!”

“రానీ. వాళ్ళకీ రెండో చరణం వినిపించి, ఖాళీ అట్టపెట్టెలిచ్చి పంపుదాం.”