చివరి మలుపు దగ్గర

పరుగుల వీరులకు పేరుపడ్డ కొండ ఊరు బెకోజీలో వాన అప్పుడే వెలిసింది. రెండు ఒలింపిక్ పతకాలు గెలిచి, పోయిన వారమే పరుగు మానేసిన లెలిసె, చిన్ననాటి స్నేహితురాలు హవీ ఇంట్లో పీట మీద కూర్చుంది. హవీ కాఫీ గింజలు వేయిస్తోంది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు హవీ."

"నీతో అబద్ధమాడి ఎక్కడికి పోతాను? నా కంటే వేగంగా పరిగెత్తేదానివి. అడుగు."

"జట్టులోకి ఒక్కరినే తీసుకుంటామన్న ఆ పోటీలో చివరి మలుపు దాకా నువ్వే ముందున్నావు. ఆ నెలలోనే మా నాన్న పోయాడు. నా మీద జాలిపడి నువ్వు కావాలనే తగ్గావని ఊరంతా అంటారు."

"అంటారు."

"పద్దెనిమిదేళ్ళుగా మెడలో పతకం పడ్డప్పుడల్లా ఇది హవీది కదా అనిపించేది. జెండా ఎగురుతుంటే తలెత్తలేకపోయేదాన్ని. అందరూ అది వినయమనుకున్నారు."

హవీ చెయ్యి ఆగిపోయింది. గింజలు మాడుతున్నా పెనం దించలేదు.

"నేను తగ్గలేదే. ప్రాణాలు పెట్టి పరిగెత్తాను. అయినా నన్ను దాటిపోయావు."

"మరి ఊళ్ళోవాళ్ళు?"

"ఎవరో అన్నారు. నేను కాదనలేదు."

"ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

"నీకు పేరుంది, పతకాలున్నాయి. స్నేహితురాలి కోసం వదులుకుందన్న మాట తప్ప నాకేముందే?"

లేచి వెళ్ళిపోవాలన్నంత కోపమొచ్చింది లెలిసెకు. హవీ కళ్ళు తుడుచుకోవడం చూసి, లేవలేకపోయింది.

"ఇప్పుడు అందరికీ చెప్పేస్తావా?"

"వాళ్ళకెందుకు? నాకు తెలిసింది, చాలు."