వెర్నూ గుర్రానికి కొట్టిన లాడం

ఆ ఫొటోల సంగతి నాకు మొదట చెప్పింది బండి తోలే బర్నబే, గుమాస్తా గారూ. దౌడు తీసే గుర్రాన్ని అమెరికాలో ఎవరో రెప్పపాటుకొకటి చొప్పున ఫొటోలు తీశారట, పారిస్ పత్రికలో వేశారట. "ఒరేయ్ ఆన్సెల్మ్! నాలుగు కాళ్లూ గాల్లో ఉన్నప్పుడు కడుపు కిందకి ముడుచుకునే ఉన్నాయిరా! నువ్వన్నదే!" అంటూ పరిగెత్తుకొచ్చాడు.

నేనన్నదే మరి! అంతకు ఎనిమిదేళ్ల ముందే అన్నాను.

ఇప్పుడు మీరు మీ మ్యూజియంలో ఆ గుర్రం బొమ్మ కింద పెట్టే పలకలో ఏం రాయిస్తున్నారు? ఫొటోలు చూసి చిత్రకారుడు వెర్నూ తన గుర్రం కాళ్లు సరిదిద్దుకున్నాడనా? ఆగండి. ముందు ఆ కలం కింద పెట్టండి.

నేనా మాటన్న రోజు షాంతియీ ఊళ్లో గుర్రపుశాల ముందు ఇరవై మంది ఉన్నారు. వెర్నూ తను కొత్తగా వేసిన ఈ బొమ్మే చూపిస్తున్నాడు, దౌడు తీసే గుర్రం. ముందుకాళ్లు ముందుకి, వెనకకాళ్లు వెనక్కి... గుర్రమా అది? ఎండకి ఆరేసిన కుందేలు తోలు! నోరు ఊరుకోక అడిగాను. "అయ్యా, కాళ్లు ఎప్పుడూ ఇలా బారజాపుకునే ఉంటే, వెనక లాడం వచ్చి ముందు మడమకెలా తగులుతుంది? నేను రోజూ కట్లు కట్టే ఆ గాయాలు ఎక్కడివి?"

ఏమన్నాడో తెలుసా? "గుర్రం కింద దూరేవాడికి పేడ తప్ప ఏం కనిపిస్తుందోయ్ కమ్మరీ? నెత్తిన పడిందేమో, తుడుచుకో!"

ఇరవై మందీ నవ్వారు. బర్నబే కూడా నవ్వాడు, వెధవ.

ఇక వినండి. ఆ కాళ్లు దిద్దింది వెర్నూ కాదు, ఆయన శిష్యుడు. ఫొటోలొచ్చేనాటికి వెర్నూ కుంచె పట్టగలిగితేగా? గుర్రం మీదనుంచి పడి కుడి మణికట్టు నుజ్జయిపోయింది. ఆ గుర్రానికి లాడాలు కొట్టింది నేనే.

ఊరేమంది? ఆన్సెల్మ్ తాగి కొట్టాడంది, చేతకాక కొట్టాడంది. గుర్రపుశాలలన్నీ నన్ను వదిలేశాయి. ముప్పై ఏళ్లుగా ఆ మాట మోస్తున్నాను.

చేతకాకనా? నేనా? వెనక లాడాల ముందంచు బొటనవేలి మందాన పొడుగుంచాను, గుమాస్తా గారూ. మూడుసార్లు కాల్చి, మూడుసార్లు కొలిచాను. దౌడులో అది ముందు మడమను పట్టుకు తీరాలి. పట్టుకుంది. కాళ్లెక్కడ కలుస్తాయో ఆయన్ని మోస్తూనే చూపించింది ఆ గుర్రం.

అలా చూడకండి. పాపం, దాని మోకాళ్లు చీరుకుపోయాయి, అందుకు ఏడ్చాను. ఆయన చేతికి కాదు.

పోలీసుల్ని పిలుస్తారా, పిలవండి. కానీ ముందు పలక మీద రాయించండి: ఆన్సెల్మ్ తోపాన్ పనిలో ఏ తప్పూ లేదు, ఆ లాడాలు కావాలనే అలా కొట్టాడు అని. కొలత కూడా వేయించండి.