పులిసిన నెత్తురు

నిజామాబాద్ దవాఖానాలో సెలైన్ ఎక్కుతున్న భార్య మంచం పక్కకు స్టూలు లాక్కొని కూర్చున్నాడు అతను.

“బీడీల తంబాకు దుమ్మే నీ ఊపిరి తీసింది. ఇగ బీడీలు చుట్టే చాట ముట్టకు.”

“ఊపిరితిత్తులు సాఫ్‌గ ఉన్నయన్నడు డాక్టర్. నెత్తురు పులిసిందట. ఆ పులుపు బయటికి తోలనీకే గంత ఎగపోత వచ్చిందట.”

“నెత్తురెట్ల పులుస్తది?”

“షుగర్ సూది ఆపితే పులుస్తదట. నవరాత్రుల నేను ఒక్కపొద్దు ఉపాసముంటే, తిననప్పుడు సూదెందుకని డబ్బా దాసిపెట్టింది ఎవలు?”

అతను సెలైన్ చుక్కల వంక చూశాడు.

“షుగర్ పడిపోతదని భయపడ్డ.”

“ఊపిరాడుతలేదని మొత్తుకుంటే, బోధన్‌ల మందుల దుకాణంల వేలికి క్లిప్పు పెట్టిచ్చి, ఆక్సిజన్ మంచిగనే ఉన్నది, నాటకాలు ఆడకు అన్నవ్.”

“నంబర్ మంచిగనే ఉండె గదా.”

“గాలికి తక్కువ లేకుండె. చెడింది నెత్తురు.”



“ఇంటికి పోయినంక సూది నేనే యాది చేస్త.”

“నా సూది నాకెరుకే. ఆ ఒక్కపొద్దు ఎవలి కోసం పట్టిన్నో నీకు ఎరుకేనా?”

“నా కోసమే గదా. నా పానం మంచిగుండాలని.”

“ఇగ నీ కోసం ఒక్కపొద్దు పట్ట.”