జమ్లీ మేక ఈనిన ఇంగ్లీషు

రెండు వేల పదకొండు, అక్టోబర్ తొమ్మిది, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. దసరా పోయి మూడు రోజులైంది. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తున్నది. బడులకు తాళాలు, బస్సులు డిపోల్లోనే, కరెంటు ఎప్పుడొస్తుందో దేవునికే తెలియాలి. నర్మెట్టలో పరశురాములు ఇంటి అరుగు మీదికి తండా నుంచి అమర్‌సింగ్ వచ్చి, చెప్పులు కింద విడిచి, అంచున కూర్చున్నాడు. వెంట ఏడో తరగతి చదివే కూతురు నవ్య.

"పొద్దుగాల మేస్త్రి డీసీఎం బండి వస్తది సారు," అన్నాడు. "నేను, మా ఇంటామె, చిన్నోడు హైదరాబాద్ పోతున్నం. ఈసారి నవ్యను గూడ తీస్కపోత. బడి లేకపాయె. అక్కడైతే తమ్ముని చూసుకుంటది, నాలుగు ఇటుకలు అందిస్తది. మీకు జెప్పి పోదామని వచ్చిన."

పరశురాములు ఆ తండా బడిలోనే విద్యా వలంటీరు. లోపల గడప దగ్గర కూర్చుని వత్తులు చేస్తున్న అతని భార్య భాగ్య చేతులు ఆగిపోయాయి. కిందటేడు అట్లాంటి బండే ఎక్కిన ఆ తండా పిల్ల జమున మళ్లీ బడి గడప తొక్కలేదు. 'కొమురెల్లి మల్లన్నా, ఈ పిల్లనన్నా ఆపు తండ్రీ' అని ఆమె మనసులోనే దండం పెట్టుకుంది.

'తీసుకపోకు' అని నేరుగా అనడం పరశురాములుకు రాదు. ఆయనకు వచ్చింది ఒక్కటే.

"పోతె పోదువుగని, ఛాయ తాగి పో. ఇంతల నీ బిడ్డతోని నేను చేసిన ఒక చిన్న పని జెప్త."

"చిన్నదా!" అన్నాడు పిండిగిర్ని బక్కయ్య. కరెంటు లేక గిర్ని ఆగినప్పటి నుంచి ఆయన కాపురం ఆ అరుగు మీదనే. "వదినా, ఛాయ జర పెద్ద గిన్నెల పెట్టు. ఇది పొద్దుగూకేదాక సాగుతది."

"నువ్వు నవ్వకు బక్కన్నా. బడి బందైనంక నేను ఇంట్ల పండుకోలే. తండల జమ్లవ్వ మేకల కొట్టం కాడ పిల్లలను కూసోబెట్టిన. ఇంగ్లీషు మాటలు నాలుగు జెప్పిన. ఎంప్లాయ్, అంటే పనికి పెట్టుకునుడు. ఎంప్లాయర్, పనికి పెట్టుకునేటోడు. ఎంప్లాయీ, పనికి పోయేటోడు. ఎంప్లాయ్‌మెంట్, ఆ కొలువు. నాలుగూ ఒక్క కుటుంబమే. గని పిల్లలకేమో నాలుగూ ఒక్కతీరుగనే వినబడుతున్నయి. ఆసామిని అడిగితే కూలోన్ని జూపెడుతరు, కూలోన్ని అడిగితే కొలువు అంటరు. నా గొంతు పోయింది గని వాళ్లకు తేడా దొరకలే. గప్పుడే మంద వచ్చింది. జమ్లవ్వ గంప లేపింది. గంప కిందున్న మేకపిల్లలు ఉరికినయి సూడు, యాబై మేకలల్ల ఏ పిల్ల దాని తల్లి కాడికే! అన్నీ నల్లగనే ఉండె, అన్నీ మే అనే అనవట్టె, ఒక్కటన్న తప్పు తల్లి కాడికి పోయిందా? పోలే. నాకు గక్కడ దిమాక్‌ల దీపం వెలిగింది!"

"కరెంటు లేకున్ననా?" అన్నాడు బక్కయ్య.

"లేకున్ననే! అట్టముక్కల మీద మాటలు రాసి తల్లి మెడల ఎంప్లాయ్ కట్టిన, రెండు పిల్లల మెడల ఎంప్లాయర్, ఎంప్లాయీ కట్టిన. 'పనికి పోయేటోన్ని పట్టుకరాండ్రి' అంటి. పిల్లలు ఉరికిన్రు. పరుగుల మీద మెడ సూసి సదువాలె గదా, తప్పు దాన్ని పట్టుకుంటె జమ్లవ్వ తల్లిమేకను విడుస్తది, అది కుమ్ముతది. ఒక్క కుమ్ముతోని తేడా ఎట్ల తెలుస్తదో నా బెత్తంతోని ఏనాడన్న తెలిసిందా? మొదలు తప్పకుంట పట్టింది ఎవ్వలనుకున్నవు? నీ బిడ్డనే, అమర్‌సింగ్!"

నవ్య తల వంచుకుని నవ్వింది. అంతవరకు నిజమేనని భాగ్యకు తెలుసు. ఆ రోజు అట్టలకు దారం కట్టింది ఆమెనే. ఛాయ తెచ్చి అందరికీ ఇచ్చింది. అమర్‌సింగ్ రెండు గుక్కల్లో తాగి గ్లాసు కింద పెట్టి లేవబోయాడు.

"అటెన్క ఏమైందో ఎరికేనా?" పరశురాములు గొంతు పెరిగింది. "కూసో, కూసో! తెల్లారి అదే తల్లి కింద నాలుగు పిల్లలను తోలిన, నాలుగు మాటలు. మూడో నాటికి మేకలకే సదువు ఒంటవట్టింది! నేను 'ఎంప్లాయీ' అని పిలిస్తె మందల ఒక్కటే తల దిప్పుతది. తక్కినయి మేత మేస్తయి. 'ఎంప్లాయర్' అంటె ఒగటి లేస్తది, అదీ ఎట్ల, కాలు మీద కాలేసుకొని!"

"మేక కాలు మీద కాలేసుకుందా పరశన్నా?"

"ఆసామి గదా, వేసుకోదా? నేను ఇంక ఊకుంటనా? ఏడు పిల్లలకు పెంచిన. అన్‌ఎంప్లాయ్‌మెంట్ అని ఒక బక్కపిల్లకు కట్టిన, అంటె కొలువు లేకుంట ఉండుడు. దాన్ని ఏ తల్లి కాడికి తోలినా నిలువది. పొద్దున టేకుమట్ల సంతల కనబడ్డది అంటరు, మాపటికి గార్ల కాడ సూసినమంటరు, భూపాలపల్లి బొగ్గుబాయి ముంగట సమ్మెల కూసున్నోళ్లైతె దాని మెడ సూసి 'ఇది మా ఇంటి పిల్లనే, మా ఇంట్ల రెండున్నయి' అని ముద్దు పెట్టుకున్నరట!"

అరుగంతా గొల్లుమంది. దారిన పోయే ఇద్దరు ముగ్గురు ఆగి మెట్ల మీద కూర్చున్నారు. భాగ్యకూ నవ్వొచ్చింది. కానీ ఆమె మొగుని మొహమే చూస్తున్నది. నుదుట చెమట పట్టింది. చూపు ఒక్కొక్కసారి నవ్య మీదికి పోయి వస్తున్నది. సంతోషంతో కోసే కోతలు ఆమె పదహారేళ్లుగా వింటున్నదే. ఇవి వేరు. మాట ఆగితే అమర్‌సింగ్ లేచి దండం పెట్టి పోతాడు. అందుకే ఆగడం లేదు ఈయన. అది తెలిశాక ఆమెకు ఆ మనిషి మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"పోలీసులు రాలేదా మరి?" మెట్ల మీద నుంచి ఎవరో అగ్గి రాజేశారు.

"రాకుంట ఎట్లుంటరు! రోడ్డు మీద మా మంద అడ్డమున్నది, జీపు ఆగింది, సారు దిగిండు. 'ఈ మేకల ఎంప్లాయీ ఎవడ్రా?' అని గదమాయించిండు. నేను నోరు దెరువలే. నవ్య దెరువలే. మేకపిల్లలే ఒక్కదాని మొహం ఒగటి సూసుకొని నవ్వినయి! మేకలకు ఉండేది ఎంప్లాయీ కాదు గదా, ఎంప్లాయర్ గదా! సారు సిగ్గుపడి టోపీ తీసిండు. జీపుల ఉన్న జవాన్లందరు రోడ్డు మీద బాసింపట్టేసుకొని కూసున్నరు, మాపటిదాక పాఠం. పోయేటప్పుడు సారు తల్లిమేకకు సెల్యూట్ కొట్టిండు, అది గూడ ముంగటి కాలు లేపింది!"

"అబ్బబ్బ!" అన్నాడు బక్కయ్య. "ఇగ రైలొక్కటే తక్కువ."

"యాదిజేసినవు! రైలు రోకో నాడు జనగామ టేషన్ల ఏం జరిగింది మరి? మనోళ్లంత పట్టాల మీద వంట చేస్తున్నరు. నేను మందను తోలుకపోయిన. ఎదురుంగ ఇంజన్. కూత మీద కూత. తల్లిమేక పట్టాల నడుమ నిలబడ్డది, దాని కింద ఇరవై ఒక్క పిల్లలు పాలు తాగుతున్నయి, ఒక్కొక్కదాని మెడల ఒక్కొక్క మాట. డ్రైవర్ దిగిండు. సదివిండు. వెనుక డబ్బాలోళ్లందరు దిగిన్రు. సదివిన్రు. మహబూబాబాద్‌కు ఈ కబురు నోటినోట ఉరికింది, ఆడ ఆగిన బండ్లోళ్లు గూడ కంఠపాఠం పట్టిన్రు. గా రైలు ఢిల్లీకి చేరేసరికి అందులున్న పసిపోరలకు సుత ఎంప్లాయర్ ఎవడో ఎంప్లాయీ ఎవడో తెలిసిపోయింది! ఢిల్లీల పెద్దమనుషులు నెత్తి గోక్కున్నరట. 'తెలంగాణల మేకలకే ఇంత తెలివుంటె ఇంక వీళ్లకు రాష్ట్రం ఇయ్యక ఏం జేస్తం' అని—"

"సారు," అన్నాడు అమర్‌సింగ్.

అంతసేపటిలో ఆయన మాట్లాడటం అదే మొదలు.

"నేను పుట్టింది మేకల కొట్టంల. నన్ను గన్న యాడి, అదే మీ జమ్లవ్వ, మేకపాలు తాపి నన్ను సాదింది. మేకకు రొమ్ములు రెండే సారు. దాని పిల్ల గానిదాన్ని దగ్గరికి గూడ రానియ్యది, కుమ్ముతది. మరి ఇరవై ఒక్కటి ఎట్ల తాగినయి?"

బక్కయ్య అరుగు మీద వెల్లకిలా పడి, కడుపు పట్టుకుని నవ్వాడు. మెట్ల మీద వాళ్లు చప్పట్లు కొట్టారు. ఢిల్లీ దాకా పోయిన రైలు అక్కడికక్కడే నిలిచిపోయింది. పరశురాములు తువ్వాలతో మొహం తుడుచుకుని నేల చూశాడు. అయిపోయింది, ఇక ఈ పిల్ల పోతుందనుకుంది భాగ్య.

అమర్‌సింగ్ మాత్రం నవ్వలేదు.

"నా బిడ్డను ఆపుదామనే గద సారు, గింతసేపు గిన్ని కోతలు కోసింది?"

పరశురాములు తల ఊపాడు.

"నా పెండ్లిల గూడ నా ఇంటి గురించి ఎవ్వలు గింత గొప్పగ చెప్పలే," అని అమర్‌సింగ్ కూతురి వైపు తిరిగాడు. "ఇరవై ఒక్కటి పక్కకు పెట్టు. ఆ నాలుగు మాటలు నిజంగ ఎరికేనా? మరి అండ్ల నేనెవ్వలను?"

నవ్య తడుముకోలేదు. "నువ్వు ఎంప్లాయీవి బాపు. మేస్త్రి ఎంప్లాయర్. పొద్దున లేస్తె ఉంటదో ఊడుతదో అని నువ్వు మా యాడితోని అనేది ఎంప్లాయ్‌మెంట్."

"రేపు నా ఎంబడి వస్తె నువ్వేమైతవు?"

"నేను గూడ ఎంప్లాయీనే అయిత."

అమర్‌సింగ్ ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. బడి లేదు, ఎప్పుడు తెరుస్తారో తెలియదు. జమ్లవ్వ మంద వెంట పోతే పిల్ల ఇంట్లో ఒక్కతే. ఆ మాటే బయటికి అన్నాడు.

అప్పటిదాకా గడప దాటని భాగ్య లేచి అరుగు మీదికి వచ్చింది. పది మంది మగవాళ్ల నడుమ ఆమె గొంతు ఎత్తడం ఎవరూ వినలేదు, అప్పుడూ ఎత్తలేదు.

"పగలంత నా కాడ ఉంటది తమ్మీ. మేం తిన్నదే తింటది. మాపటికి జమ్లవ్వ వచ్చినంక తండకు నేనే తోలిస్త. దేవుని సాక్షిగ జెప్తున్న."

అమర్‌సింగ్ ఆమె మొహం చూశాడు, తర్వాత కూతురి మొహం చూశాడు. "సరే అక్కా," అన్నాడు. "నీ మాట మీద విడిచిపెడుతున్న. సారు మాట మీద మాత్రం గాదు."

"మంచిదే," అన్నాడు పరశురాములు, ఎంత చిన్నగా అంటే బక్కయ్య "ఏందీ, ఏందీ" అని రెండుసార్లు అడిగాడు.

మరునాడు తెల్లవారుజామునే డీసీఎం వచ్చి పోయింది. అమర్‌సింగ్ పెళ్లాం చేతికి భాగ్య సర్వపిండి మూట అందించి వచ్చింది. ఇంటికి రాగానే ముందర అర్రలో ఉన్న మక్కల బస్తాలను మొగుడూ పెళ్లాం కలిసి వెనక అర్రలోకి జరిపారు. వెలుతురు వచ్చే కిటికీ కింద ఊడ్చి, అలికి, ఆరేదాకా ఆగి చాప పరిచారు. పరశురాములు ఆ పొద్దున ఒక్క మాట మాట్లాడలేదు. నవ్య వచ్చి ఆ చాప మీద కూర్చుని "సార్, ఇయ్యాల ఏ మాటల కుటుంబం?" అని అడిగినప్పుడే నోరు విప్పాడు.