పొయ్యి కింది హద్దురాయి

టీకొట్టు పొయ్యికి మూడో రాయి జిల్లా హద్దురాయని ఆ పొద్దునే బయటపడింది. సర్వేయరమ్మ దాని మీదుగా సున్నం గీత గీయించింది. గీత అలాగే ఉంటే పొయ్యి పక్క జిల్లాది, బల్లలు ఈ జిల్లావి, కొట్టుకిచ్చిన అనుమతి కాగితం చెల్లదు. కొట్టు అక్క పాలు పొంగుతున్నా చూడటం లేదు. ఇదేమీ పట్టని గొలుసు తాత, వెనకటి సర్వేలో కొలత గొలుసు లాగినవాడు, గ్లాసు పట్టుకుని అందుకున్నాడు.

"రాసుకో తల్లీ, ఈ జిల్లాకి హద్దు పెట్టింది నేను! అంతకుముందు ఏరే హద్దు. వరదొస్తే ఏరు జరిగేది, దాని వెంట జిల్లా జరిగేది. ఈ జిల్లాలో పడుకున్నవాడు ఆ జిల్లాలో లేచేవాడు. అప్పుడు పెద్దాఫీసరు నన్ను పిలిచి గొలుసు చేతికిచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండకి గొలుసు సాగింది. ఎంత సాగిందనుకున్నారు?"

"జానెడా?" అన్నాడు పాలవాడు.

"జానెడేమిట్రా! కొలిస్తే జిల్లాలో రెండు ఊళ్లు తగ్గాయి! ఆఫీసరు తల పట్టుకున్నాడు. గొలుసుని బావిలో ముంచి చల్లార్చి మళ్లీ లాగాను, రెండు ఊళ్లూ తిరిగొచ్చాయి. ఒకదాంట్లో మా అత్తగారుంది, అదొక్కటే నష్టం."

బల్లలు కదిలేలా నవ్వారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏరు మళ్లీ జరగబోయింది. ఎదురెళ్లి నిలబడ్డాను. నా మోకాళ్ల దాకా వచ్చి, మొహం చూసి, వెనక్కి తిరిగింది! ఇంతలో అవతల కొండ గీత మీదికి కాలు చాపింది. గొలుసు కట్టి లాగి, సరిగ్గా కూర్చోబెట్టాను. చివరికి పది ఎడ్లు లాగలేని ఈ రాయిని భుజాన తెచ్చి పాతాను. పాతిన చోటు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు!"

"మనిషంటే నువ్వు తాతా!" అన్నాడు పాలవాడు.

సర్వేయరమ్మ పెన్ను తీసింది. "అంటే రాయి పాతిన చోటే ఉందన్నమాట. మీ మాటే సాక్ష్యం. సంతకం పెట్టండి."

అక్క గరిటె పక్కన పెట్టింది. "బాబాయ్, ముప్పై ఏళ్లుగా నీ కోతలు వింటున్నా, ఒక్కనాడూ అడ్డం రాలేదు. మా ఆయన చనిపోయిన ఏడాది, రెండు రాళ్ల మీద గిన్నె నిలవక నేను ఏడుస్తుంటే, అవతల కాలవ గట్టు మీద ఈ రాయి పెకలించింది ఎవరు?"

హద్దురాయి కదిపితే నేరమని గొలుసు లాగినవాడికి తెలియదా! తాత గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నేనే," అన్నాడు. "గుంట ఇంకా ఉంది. పద తల్లీ, చూపిస్తా."

కాలవ దాకా వెళ్లొచ్చి సర్వేయరమ్మ సున్నం గీతని చెప్పుతో చెరిపేసింది. అసలు హద్దు కాలవ గట్టు మీదే; కొట్టు మొత్తం ఈ జిల్లాలోనే ఉంది.

"రాయిని ఎవరు కదిపారని రాస్తావమ్మా?" అన్నాడు తాత.

"ఏరు. మీ మొహం చూడనప్పుడు."

తాత వెన్ను మళ్లీ నిటారైంది. "అసలు అంతదూరం ఒంటిచేత్తో మోసుకొచ్చానంటే..."

"తోపుడు బండి మీద," అంది అక్క, ఆయన గ్లాసు నిండా టీ పోస్తూ. "తోసింది నేను. నువ్వు ముందు నడుస్తూ దారి చూపించావు."